లక్క కరిగే గల్లీ

ముచికుందా! అనంతగిరి గుట్టల్లో పుట్టి, ఈసీని కలుపుకొని, నా పాతబస్తీని ఒరుసుకుంటూ పారే తల్లీ! ఎన్ని కన్నీళ్లు కలిస్తే నీ ఒక్క అల అయింది? ఎందరి బూడిద కలిస్తే నీ నీటికి ఈ మసక రంగు పట్టింది? 1578లో కట్టిన పురానాపూల్ తన కమానుల కింద నుంచి నిన్ను సాగనంపుతూనే ఉంది. ఆ వంతెన మీద గోల్కొండ గుర్రాలు నడిచాయి, మొగలుల ఏనుగులు నడిచాయి, బరువు మోసిన ఎడ్లబండ్లు నడిచాయి. ఎక్కినవాళ్లంతా దిగిపోయారు, దిగినవాళ్లెవరూ మళ్లీ ఎక్కిరాలేదు. నా ఇల్లాలూ నీ ఒడ్డుకే వచ్చింది. ఆమెను తిరిగి ఇమ్మని అడగడానికి రాలేదు తల్లీ, ఇవ్వలేవని తెలుసు. మనసు తీరా నాలుగు మాటలు చెప్పుకొని పోనీ.

మాది లాల్‌దర్వాజ వైపు గల్లీ. అక్కడ తెల్లవారడం అంటే రెండు పిలుపులు ఒకదాని వెంట ఒకటి రావడం. అజాన్ ముగిసీ ముగియకముందే సింహవాహిని అమ్మవారి గుడిలో గంట మోగుతుంది. ఆ వెనకే హోటల్ షట్టర్ పైకి లేస్తుంది, నిహారీ దేగ్చా మూత తొలిగి ఆవిరి వీధిలోకి నడిచొస్తుంది, తందూరు గోడ విడిచి నాలుగు మూలల నాన్ రొట్టె ఎర్రగా బయటికొస్తుంది. షాలిబండ గడియారం గోపురం మీద ఎండ పడుతుంది. ఆ వెలుగును ఆమె కిటికీలోంచి చూసి, "ఇంక లేవరాదూ, పొద్దెక్కింది" అనేది. ఆ మాటతోనే నాకు లోకం మొదలయ్యేది.

ఆమెకు కావలసినవన్నీ చిన్నవి. చార్మినార్ నీడలో నిలబడి చాయ్‌ని సాసర్లో పోసుకొని ఊదుకుంటూ తాగడం. ఉస్మానియా బిస్కట్టు అంచును మాత్రమే ముంచి, విరిగిపడక ముందే నోట వేసుకోవడం. మక్కా మసీదు ముంగిట పావురాలకు జొన్నలు చల్లి, అవి గుప్పున లేచినప్పుడు చిన్నపిల్లలా చెవులు మూసుకోవడం. పత్తర్‌గట్టీ రాతి కమానుల కింద అత్తరు సీసా మూత తీయించి, కొనకపోయినా మణికట్టు మీద ఒక చుక్క రాయించుకోవడం. ఆషాఢం బోనాలకు ముందు లాడ్‌బజార్‌కు పోయి కొత్త గాజులు వేయించుకోవడం. ఇంతే ఆమె సిరి, ఇంతే ఆమె సంబరం. ఇంత తక్కువ అడిగిన మనిషికి ఇంత తక్కువ ఆయుష్షు రాసిన చెయ్యి ఎవరిది?

ఈ ఊరికి నక్షా గీసినవాడు మీర్ మోమిన్ అస్త్రాబాదీ అంటారు. ఇరాన్ నుంచి వచ్చి మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు పేష్వా అయ్యాడు. 1591లో చార్మినార్ లేచింది, దాని చుట్టూ నాలుగు దిక్కులకు నాలుగు తోవలు సాగాయి. బజార్లు, తోటలు, హౌజులు, కమానులు కొలిచి నిలిపిన ఆ మనిషి, పోయేవాళ్లకూ కొంత నేల కొలిచి పెట్టాడు. సుల్తాన్‌షాహీలోని దాయిరా మీర్ మోమిన్ అదే. కర్బలా మట్టి తెప్పించి ఆ నేలలో కలిపాడని జనం చెప్పుకుంటారు. చివరికి తానూ ఆ మట్టిలోనే ఒరిగాడు. ఊరు కట్టేటప్పుడే ఖబరస్తాన్‌కు చోటు విడిచిన ఆ చూపును తలచుకుంటే నా దుఃఖం కాసేపు తల వంచుకుంటుంది. ఇక్కడ చావు పరాయి ఊరి నుంచి రాలేదు. మొదటి రోజు నుంచీ ఇదే మొహల్లాలో కాపురం ఉంది.

నీకు తెలియనిదా ముచికుందా! 1908 సెప్టెంబరు 28న నువ్వే కదా ఒడ్డు మరిచి, ఊరి మీద పడ్డావు! అఫ్జల్‌గంజ్ మునిగింది, ఇళ్లు మట్టిముద్దలై నీలో కలిశాయి, పదిహేను వేల మంది దాకా పోయారని అంచనా. ఉస్మానియా దవాఖాన ఆవరణలో ఇప్పుడున్న చింతచెట్టు ఆనాడు నూట యాభై మందిని కొమ్మల మీద కూర్చోబెట్టుకొని కాపాడింది. ఆ చెట్టు కింద నిలబడి పైకి చూస్తే నాకు ఆకులు కనిపించవు. తడిసిన చీర కొంగుతో బిడ్డను కొమ్మకు కట్టుకొన్న తల్లులు కనిపిస్తారు, కింద పారే నీళ్లలో తమ వాకిలి తమ కళ్ల ముందే కొట్టుకుపోతుంటే నోరు రాని తండ్రులు కనిపిస్తారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నీ ఒడ్డుకు వచ్చి, చాటలో పసుపు, కుంకుమ, ముత్యాలు, గాజులు పెట్టి నీకు సమర్పించాడని, అప్పుడు నువ్వు శాంతించావని మా లాల్‌దర్వాజ పెద్దలు కథగా చెబుతారు. రాజు గాజులకు కరిగావు తల్లీ! అంతటి రాజూ మూడేళ్లకే, 1911లో, కన్నుమూశాడు. మక్కా మసీదు ఆవరణలో తన పెద్దల పక్కన పడుకున్నాడు. ఆమె జొన్నలు చల్లిన పావురాలు ఆ సమాధుల మీదుగానే ఎగిరేవి.

నీటితో తీరలేదు చావుకు. నిప్పునూ పంపింది. 2025 మే 18, ఆదివారం, గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత ఇంట్లో తెల్లవారి అంటుకొన్న మంటలూ పొగా పదిహేడు మందిని తీసుకుపోయాయి. వాళ్లలో పసివాళ్లు ఎనిమిది మంది. ఇరుకైన మెట్లదారి, కమ్మిన పొగ, నిద్ర తెమలని కళ్లు. ఆ హౌజ్ పక్కనే నిలబడి ఎన్నిసార్లు చెరుకు రసం తాగామో! ఆ వారం పొడుగునా బజారు గొంతు తగ్గించి మాట్లాడింది. ముత్యాల దుకాణాల గుమాస్తాలు ఎవరితో ఏమీ అనక, గుమ్మాల్లో చేతులు కట్టుకొని నిలబడ్డారు. సెలవుల్లో ఆడుకొని అలసి నిద్రపోయిన పిల్లలకు తెల్లారకపోవడం కంటే పెద్ద అన్యాయం ఈ భూమ్మీద ఉందా? ఆ తల్లుల ముందు నా దుఃఖం ఎంతటిదని? అయినా ఎవరి కడుపుకోత వాళ్లదే. ఒకరి ఏడుపు ఇంకొకరి ఏడుపును తీర్చదు, తోడు మాత్రం కూర్చుంటుంది.

లాడ్‌బజార్ వెనక గల్లీల్లో లక్క గాజు పుట్టడం చూడాలి. బొగ్గుల కుంపటి ముందు కూర్చున్న పనివాడు లక్క ముద్దకు సెగ చూపిస్తాడు. మెత్తబడ్డాక దాన్ని పొడుగ్గా సాగదీసి, కొలతకు కోసి, రెండు కొసలూ వేడి మీదే అతికి, వలయం చేసి గుండ్రటి కర్రకు ఎక్కించి సాపు చేస్తాడు. దాని మీద రంగు లక్క పూత పడుతుంది. ఆ సెగ ఆరకముందే పట్టకారు మొనతో ఒక్కొక్క రాయినీ, ఒక్కొక్క అద్దపు బిళ్లనూ పొదగాలి. చల్లారితే రాయి దిగదు. మరీ వేడి మీద ఉంటే లోపలికి మునిగిపోతుంది. మెరుపంతా ఆ కాస్త గోరువెచ్చని గడియలోనే కుదరాలి. 2024లో ఈ గాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. దక్కాల్సిందే. పొగకు కళ్లు మండుతున్నా, మునివేళ్లు కాలి మొద్దుబారినా, ముఖం తెలియని ఏ పెళ్లికూతురి చేతి కోసమో చుక్కలు పొదిగే ఆ చేతులకు ఏ గుర్తింపు ఇచ్చినా తక్కువే.

అక్కడ మాకు ఎరుకైన దుకాణం ఒకటి ఉంది. పెళ్లయిన కొత్తలో ఆమె చెయ్యి చూసి, చూపుతోనే "రెండు-ఆరు" అని కొలత చెప్పిన భాయి, "అమ్మా, జర చేయి మెత్తగ పెట్టుండ్రి" అంటూ నొప్పి తెలియకుండా ఎక్కించేవాడు. ఏళ్లు గడిచాయి, ఆయన గడ్డం నెరిసింది, మా తలలూ నెరిశాయి, కొలత మాత్రం మారలేదు. తర్వాత జబ్బు వచ్చింది. దవాఖాన కాగితాల్లో రాసిన అంకెలు నాకు అర్థం కాలేదు. అర్థమైన అంకె ఒక్కటే. ఒక ఆషాఢంలో రెండు-ఆరు గాజులు మోచేతి దాకా జారిపోయాయి. భాయి ఏమీ అనలేదు. ఆ డబ్బా మూసి, అరలోంచి రెండు-నాలుగు తీశాడు. ఆమె నవ్వి, "సన్నబడ్డ భాయీ, మంచిగనే ఉంది" అంది. మరుసటి ఆషాఢానికి నేను ఒక్కణ్నే పోయాను. "అమ్మ రాలేదా సార్?" అన్నాడు. "మంచంల ఉంది భాయ్" అన్నాను. ఎదిగీ ఎదగని పిల్లలు వేసుకొనే రెండు-రెండు జత తీసి, కాగితంలో చుట్టి, రెండు చేతులతో ఇచ్చాడు. "దువా చేస్త సార్, అమ్మకు చెప్పుండ్రి" అన్నాడు. ఎర్ర లక్క మీద తెల్ల రాళ్లు. అవే ఆమె చివరి గాజులు.

"పసుపు కుంకుమలతో పోయింది, అదృష్టవంతురాలు" అన్నారు వచ్చినవాళ్లు. మంచి మనసుతోనే అన్నారు. పోయిన మనిషికి అదృష్టమైతే ఉన్న మనిషికి ఏమిటో ఎవరూ అనలేదు. పురానాపూల్ దరిని దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. కొడుకు వంగి, చెవి దగ్గర నోరు పెట్టి, "అమ్మా" అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. మూడోసారి గొంతు రాలేదు, పెదవులే కదిలాయి. నేను ఆమె మొహం చూడలేదు. ఆ రెండు-రెండు గాజుల వైపే చూస్తూ నిలబడ్డాను. ఒక్క గాజు కదిలితే చాలు, ఒక్క రాయి మెరిస్తే చాలు. ఎండ మెరిసింది గానీ రాయి మెరవలేదు. తర్వాత చితి. అన్నిటికంటే ముందు లక్కే కరిగింది. కుంపట్లో పుట్టిన గాజు నిప్పులోకే పోయింది, పోతూ నా బతుకులోని రంగును వెంట తీసుకుపోయింది.

పొయ్యి వెలగని ఆ రోజుల్లో పక్కింటి ఖాలా పూటపూటా పప్పూ అన్నం పంపింది. మాంసం తగలని కొత్త గిన్నెలో వండానని పిల్లవాడితో కబురు చేసింది. ఆ గిన్నె ముందు కూర్చొని, ఆమె పోయాక మొదటిసారి గట్టిగా ఏడ్చాను. మూడో రోజు పిట్టకు పెట్టేటప్పుడు కోడలు విస్తట్లో ఉస్మానియా బిస్కట్లు కూడా పెట్టింది.

చావు ఏం తీసుకుపోతుందో అప్పటిదాకా నాకు తెలియదు. ఇల్లు అలాగే ఉంది, నగలు పెట్టెలో అలాగే ఉన్నాయి, ఫోటోలు గోడ మీద అలాగే ఉన్నాయి. "పొద్దెక్కింది" అనే మాట పోయింది. సాసర్లో చాయ్ ఊదే చప్పుడు పోయింది. వంటింట్లోంచి గాజుల గలగల పోయింది, దాని వెంట ఇంట్లో మరొకరున్నారన్న ధైర్యం పోయింది. ఇప్పుడు మెట్రో కోసం దారుల్షిఫా నుంచి షాలిబండ దాకా రోడ్డు పక్క కట్టడాలు కూలుతున్నాయి. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్టకు ఏడున్నర కిలోమీటర్ల దారి రావాలి, రానీ. మా తర్వాతివాళ్లు హాయిగా ప్రయాణం చేయాలి. కానీ ఏ అరుగు మీద కూర్చొని ఆమె సంచి దించి ఊపిరి పీల్చుకొనేదో ఆ అరుగు మట్టిలో కలిసినప్పుడు, ఆమె మళ్లీ ఒకసారి పోయినట్టే అనిపించింది.

అయినా ఈ ఊరికి దుఃఖంతో కాపురం చేయడం తెలుసు. ముహర్రం పదో నాడు డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం ఏనుగు మీద బయలుదేరితే, ఎన్నో శతాబ్దాల నాటి మరణానికి నిన్నటి గాయంలా గుండెలు బాదుకొని ఏడుస్తుంది. ఆషాఢం చివరన లాల్‌దర్వాజలో డప్పు మోగితే, ఒకప్పుడు మహమ్మారికి బిడ్డలను పోగొట్టుకున్న తల్లుల మొక్కునే నెత్తిన ఎత్తుకొని, వేపమండల నడుమ దీపం ఆరకుండా నడుస్తుంది. ఏడ్చే నాడు కడుపు నిండా ఏడుస్తుంది, ఆడే నాడు ఒళ్లు మరిచి ఆడుతుంది. నేనూ ఆమె పోయిన తర్వాతి బోనాలకు గుమ్మంలో నిలబడ్డాను. ఎవరింటి కొత్త కోడలో బోనం ఎత్తుకొని పోతుంటే చేతి నిండా లక్క గాజులు కనిపించాయి. రెండు చేతులెత్తి దండం పెట్టాను. ఆ చేతులు అలాగే నిండుగా ఉండాలని మొక్కాను.

ఇక నా వంతు దూరంలో లేదు. వయసు మీద పడింది, మోకాళ్లు మక్కా మసీదు దాకా ఓపడం లేదు. భయం లేదని చెప్పను. పురానాపూల్ వైపు పోయే ప్రతి పాడె వెనక నా మనసు నాలుగు అడుగులు వేసి వస్తుంది. అయినా పొద్దున్నే పోయి చాయ్ తాగుతున్నాను, బిస్కట్టు అంచు ముంచుకుంటున్నాను, పావురాలకు జొన్నలు చల్లుతున్నాను. ఆమెకు ఇష్టమైన పనులు ఈ భూమ్మీద ఒక మనిషి అయినా చేస్తుండాలి. చావుకు జవాబు ఉన్నదంటే ఇదొక్కటే అనిపిస్తుంది. తీసుకుపోవడానికి అది వచ్చేలోగా, చిన్న చిన్న సంతోషాలను మిగల్చకుండా అనుభవించడం.

చదువుతున్న అన్నలారా, తమ్ములారా! పెద్ద పండగకు, పెద్ద ప్రయాణానికి, పెద్ద పదవికి దాచి పెట్టకండి మీ ప్రేమను. తీరిక దొరికాక తీసుకుపోదామనుకున్న చోటికి ఈ ఆదివారమే తీసుకుపోండి. చాయ్ చల్లారనివ్వకండి, మాట వాయిదా వేయకండి. మీ ఇంటి ఆడవాళ్ల గాజుల కొలత మీకు తెలుసా? తెలియకపోతే ఇవాళే అడగండి.