మూలపడ్డ బండిని లేపే చెయ్యి

ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన, చుట్టూ ఉప్పుగాలి. పోర్ట్‌ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, యజమాని ఓడెక్కి విశాఖ వెళ్లి నెలల తరబడి రాకపోతే బండి మూలపడక ఏమవుతుంది? అలాంటి బండిని చూడగానే కిక్కు కొట్టకపోవడమే మంచి మెకానిక్ గుణం. ముందు ప్లగ్గు విప్పి, సిలిండర్‌లోకి కాస్త ఇంజనాయిల్ వదిలి, ఆ రాత్రికి అలాగే ఉంచుతాడు. మర్నాడు టాప్ గేర్‌లో వేసి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకూ వెనక్కూ కదుపుతాడు. పిస్టన్ పట్టు వదిలిందో లేదో ఆ అరచేతికే తెలుస్తుంది. పాత ఆయిల్ దించి చూస్తాడు. పాలు కలిసినట్టుంటే లోపలికి నీళ్లు దిగినట్టే. ట్యాంకు మూత తీసి వాసన చూస్తాడు. వార్నిష్ కంపు కొడితే ఆ పెట్రోలు పనికిరాదు. అది మిగిల్చిన జిగురే కార్బురేటర్ జెట్‌ను మూసేస్తుంది. ఆ ఇత్తడి జెట్‌ను వెలుతురుకెత్తి, కరెంటు వైరులోంచి లాగిన సన్నటి రాగిపోగుతో శుభ్రం చేస్తాడు. ఇనుప పిన్ను ముట్టడు. రంధ్రం గీసుకుపోయి పెద్దదైతే బండి పెట్రోలు తాగేస్తుంది. చివరికి ప్లగ్గును ఇంజనుకు ఆనించి, నీలిరవ్వ పడిందని చూసుకున్నాకే కిక్కు. తెల్లపొగ కాసేపు కక్కి ఇంజను నిలకడగా తిరుగుతుంది. జంగ్లీఘాట్ నుంచి చేపల బుట్టలు మోయాలన్నా, పిల్లల్ని బడిలో దించాలన్నా ఆ బండే ఆధారం. కొత్త సామాను సముద్రం దాటి రావాల్సిన ఊళ్లో, ఉన్నదాన్ని పాడు చేయకుండా బాగుచేసే ఓపికకు ఎంత కూలి ఇచ్చినా తక్కువే.