అచ్చుతప్పులో అమ్మ

మొదటి ప్రూఫు నా చేతికొచ్చేసరికి అమ్మ పోయి తొమ్మిది నెలలైంది. మొత్తం 131 పేజీలు, ప్రతి పేజీ అంచునా ఎర్ర సిరా. చూసిపెట్టిన మాస్టారు ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఒక్క కామా వదల్లేదు. నా వాక్యాల్లో ఆయన పట్టుకున్న తప్పులన్నీ తప్పులే. కానీ పన్నెండో పేజీలో, రాత్రి పొద్దుపోయి ఇంటికొచ్చిన నన్ను అమ్మ "తినీసావా?" అని అడుగుతుంది. మాస్టారు దాన్ని కొట్టేసి, పక్కన ముత్యాల్లాంటి అక్షరాలతో "తినేశావా?" అని రాశారు. ఆ తర్వాత "బేగి రా" కాస్తా "త్వరగా రా" అయింది. "ఏటి" అన్నచోటల్లా "ఏమిటి". మనిషి ఎలాగూ లేదు, ఇప్పుడు మాట కూడా పోతోందనిపించింది.

అసలది పుస్తకం అవుతుందని రాసింది కాదు. నిద్రపట్టని రాత్రుల్లో ఫోన్లో నాలుగేసి వాక్యాలు కొట్టుకునేవాణ్ణి. సంవత్సరీకానికి అచ్చు వేయిద్దామన్న ఆలోచన తర్వాత వచ్చింది. మన దగ్గర పెద్దకర్మ నాడు చిన్న గీత పుస్తకం వేయించి, లోపలి అట్ట మీద పోయినవారి ఫొటో పెట్టి పంచడం ఉన్నదే. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడమూ తెలుగులో వింత కాదు. మన కవుల్లో చాలామందికి ప్రచురణకర్తలు వాళ్లే. అదేమంత పని అనుకున్నాను.

ముందు ఫైలు తెరిచి 'ఏడ్చాను' అన్న మాట వెతికాను. నలభై ఒక్కసార్లు వచ్చింది. 'ఏడుపు ఆగలేదు', 'కన్నీళ్లు ధారగా' లాంటివి లెక్కలో లేవు. ఒక చోట ఇలా ఉంది: ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి గుమ్మం దగ్గర అమ్మ చెప్పులు చూసి భోరున ఏడ్చాను. ఈ వాక్యంలో చెప్పుల కంటే నేనే ఎక్కువ కనిపిస్తున్నాను. కొట్టేసి మళ్లీ రాశాను: గుమ్మం దగ్గర అమ్మ చెప్పులు. ఎడమదాని పట్టీకి పిన్నీసు. అంతే. కొత్తవి కొనిస్తానంటే ఇంకో వర్షాకాలం నడుస్తాయిలే అన్న మనిషి ఆ పిన్నీసులో ఉంది. నలభై ఒకటిలో చివరికి మూడు మిగిలాయి.

తరువాతి కత్తెర ప్రెస్సుది. మాది డెమ్మీ 1/8 సైజు. పేజీలు పదహారేసి చొప్పున ఒక ఫారంగా అచ్చవుతాయి. "సార్, ఎనిమిది ఫారాలు దాటి మూడు పేజీలు ఉంది. ఆ మూడూ తగ్గించండి. లేదంటే ఇంకో ఫారం పడుతుంది, పదమూడు పేజీలు ఖాళీగా పోతాయి" అన్నాడు డీటీపీ కుర్రాడు. దుఃఖాన్ని పదహారుతో భాగించమంటాడేమిటని మొదట ఒళ్లు మండింది. ఇంటికెళ్లి మూడు పేజీలు తీద్దామని కూర్చుంటే పందొమ్మిది పోయాయి. అందులో తొమ్మిది పేజీలు ఆసుపత్రి మీద కోపంతో రాసినవి. బిల్లులు, సంతకాలు, ఎవరో డాక్టరు విసుగ్గా అన్న మాట. తిరగేసి చూస్తే ఆ తొమ్మిది పేజీల్లో అమ్మ ఒక్కసారైనా నోరు విప్పలేదు. పుస్తకం సరిగ్గా ఏడు ఫారాలకు, 112 పేజీలకు వచ్చి కూర్చుంది.

విశ్వనాథ సత్యనారాయణ గారు భార్య వరలక్ష్మి గారి వియోగంలో 'వరలక్ష్మీ త్రిశతి' రాశారు. పేరులోనే లెక్క ఉంది చూడండి, మూడు వందలని. పద్యం రాసేవాడికి గణం, యతి, ప్రాస, సంఖ్య అన్నీ ముందే గట్లు కట్టి ఉంటాయి. ఎంత ఏడుపైనా ఆ గట్ల మధ్యే పారాలి. వచనం రాసేవాడికి ఆ గట్టు ఉండదు. నాకు మాత్రం ప్రెస్సువాడి ఫారమే ఛందస్సయింది.

అక్క వేసిన కత్తెర ఇంకా పదునైనది. అమ్మ ఐసీయూలో ఉండగా గొలుసు గురించి మేమిద్దరం వరండాలో మాటామాటా అనుకున్నాం. దాన్ని నిజాయితీ అనుకుని రాశాను. అక్క చదివి, "ఒరే, అమ్మ నీ ఒక్కడికే పోయిందేట్రా? నీ ఏడుపు నువ్వు రాసుకో, నా ఏడుపు కూడా నువ్వెందుకు రాస్తావు?" అంది. ఇంగ్లండులో సి.ఎస్. లూయిస్ తన భార్య చనిపోయాక రాసుకున్న నోట్సును 1961లో అచ్చు వేసినప్పుడు తన పేరు పెట్టుకోలేదు. ఎన్.డబ్ల్యు. క్లర్క్ అన్న మారుపేరుతో వేశాడు. భార్యను కూడా 'హెచ్' అన్న ఒక్క అక్షరంతోనే ప్రస్తావించాడు. అంతటివాడే అలా చాటుచేసుకున్నాడు. నేను అక్క పేరుతో సహా వీధిలో పెట్టబోయాను. వరండా అధ్యాయం తీసేశాను. దాని బదులు, ఆ రాత్రి అక్క నా కోసం ఫ్లాస్కులో తెచ్చిన టీ గురించి ఒక పేరా చేర్చాను. అదీ ఆ రాత్రి జరిగిందే.

ఇక డిజైను. ఫోన్లో యూనికోడ్‌లో కొట్టినదాన్ని అను ఫాంట్లలోకి మార్చేసరికి కొన్ని వత్తులు ఎగిరిపోయాయి, కొన్ని పక్క అక్షరం కిందికి చేరాయి. వాటిని ఒక్కొక్కటే ఇంటికి చేర్చడానికి రెండు ఆదివారాలు పట్టింది. తెలుగు పేజీకి గాలి ఎక్కువ కావాలని అప్పుడే తెలిసింది. పై వరుస వత్తులు కిందికి వేలాడతాయి, కింది వరుస గుడులు పైకి లేస్తాయి. రెండూ ఢీకొనకుండా ఉండాలంటే వరుసల మధ్య చోటు వదలాలి. పన్నెండు పాయింట్ల అక్షరానికి పదిహేడు పాయింట్ల వరుస పెట్టించాను. ప్రతి అధ్యాయం కుడిచేతి పేజీలోనే మొదలవ్వాలన్నాను. దానివల్ల అక్కడక్కడ ఎడమ పేజీ ఖాళీ పడింది. "ఖాళీ ఎందుకు సార్, ఫొటో పెట్టేద్దాం" అన్నాడు కుర్రాడు. ఉండనీ అన్నాను.

అతను మొదట చేసిన అట్ట చూసి మాత్రం నవ్వాపుకోలేకపోయాను. మబ్బులు, దీపం, రెండు గులాబీలు, మధ్యలో అమ్మ, కింద 'అశ్రునివాళి'. సెంటర్లో కట్టే ఫ్లెక్సీకీ దానికీ తేడా లేదు. తప్పు అతనిది కాదు, పోయినవాళ్ల బొమ్మ అడిగితే మన ఊళ్లలో అందరూ కోరేది అదే. నేను ఇంటి నుంచి ఒక ఫొటో తీసుకెళ్లి ఇచ్చాను. వంటింటి గట్టు మీద అన్నం పెట్టిన కంచం, దాని మీద బోర్లించిన స్టీలు పళ్లెం. ఆలస్యంగా వచ్చేవాడి కోసం అమ్మ చేసే ఏర్పాటు అది. పేరును 'గిడుగు' ఫాంటులో వేయించాను. ఆ పేరుతో నిజంగానే ఒక యూనికోడ్ ఫాంటు ఉంది.

గిడుగు వారిని తలుచుకోవడానికి కారణముంది. ప్రూఫులు పట్టుకుని మాస్టారింటికి వెళ్లినప్పుడు ఆయన పేరే అడ్డం పెట్టుకున్నాను. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు మా వైపు మనిషే. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాడారు. సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చారు. "ఏటా ఆగస్టు 29న బళ్లో ఆయన ఫొటోకి దండ వేయించి ఉంటారు కదా మాస్టారూ, మరి మా అమ్మ మాట ఎలా తప్పయింది?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. "తప్పని కాదు బాబూ. చదివినవాళ్లు అమ్మగారిని చూసి నవ్వుతారేమోనని దిద్దాను. మా అమ్మా బేగి అనే అనేది" అన్నారు. ఎర్ర పెన్ను తీసి, కొట్టేసిన ప్రతి మాట కింద వరుసగా చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు. ప్రూఫుల భాషలో దానర్థం, ఉన్నది ఉన్నట్టు ఉంచమని. పన్నెండో పేజీ దగ్గర ఆగారు. "ఇక్కడ అమ్మగారు తినీసావా అంటే మీరు 'తిన్నానమ్మా, నువ్వు పడుకో' అన్నారు. మీ మాటలు మీరు దిద్దుకున్నారా, నిజంగా ఇలాగే అనేవారా?"

నిజంగా ఇలాగే అనేవాణ్ణి. విశాఖపట్నం కాలేజీలో మొదటి సంవత్సరం, హాస్టల్లో ఎవరో నా మాటను వెక్కిరిస్తే మార్చుకున్నాను. ఆ తర్వాత ముప్పై ఏళ్ల పాటు అమ్మ అలా అడుగుతూనే ఉంది, నేను ఇలా జవాబు చెబుతూనే ఉన్నాను. మాస్టారి కంటే ముందే ఆ మాటను కొట్టేసినవాణ్ణి నేను. ఆ సంగతి 112 పేజీల్లో ఎక్కడా రాయలేదు. రాయాలని కూడా తట్టలేదు.

300 ప్రతులు అచ్చయ్యాయి. ఐఎస్‌బీఎన్ నంబరు ముందే తీసుకున్నాను. మన దేశంలో దానికి రుసుము లేదు, రచయితే ప్రచురణకర్త అయినా ఇస్తారు. 1954 నాటి చట్టం ప్రకారం కొత్త పుస్తకం వెలువడిన ముప్పై రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని మూడు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. విశాఖ దాటి ఎరగని అమ్మ నాలుగు నగరాలకు పోతోందన్న సంబరంతో, కట్టలు విప్పిన రోజే వాటిని పోస్టు చేసి వచ్చాను.

ఆ రాత్రి తీరిగ్గా చదువుతుంటే 88వ పేజీలో కనబడింది. "తినేశావా?" అని. డీటీపీలో అన్నీ వెనక్కి మార్చారు గానీ ఈ ఒక్కటి జారిపోయింది. తప్పొప్పుల పట్టిక వేయిద్దామా అంటే, ఒక్క మాటకు పట్టికేమిటి అంది అక్క.

నల్ల పెన్ను కొని నేల మీద కూర్చున్నాను. ఒక్కో పుస్తకం తెరవడం, అచ్చు మాట కొట్టేయడం, పైన రాయడం. తినీసావా. తినీసావా. నోటితో అనడం మానేసిన మాటను చేత్తో 296 సార్లు రాశాను. సంవత్సరీకం నాటికి సిరా ఆరిపోయింది.

మిగిలిన నాలుగు ప్రతుల్లో, 88వ పేజీలో మాత్రం, అమ్మ నాలాగే మాట్లాడుతుంది.