పని పోయిన ప్రోగ్రాములు: ‘మేట్రిక్స్ రీలోడెడ్’ మళ్ళీ చూశాక

‘మేట్రిక్స్ రీలోడెడ్’ పేరు ఎత్తగానే జనానికి గుర్తొచ్చేవి రెండు. ఫ్రీవే మీద కార్ల వేట ఒకటి, చివర్లో తెల్లగడ్డం పెద్దమనిషి ఇచ్చే అర్థంకాని ఉపన్యాసం ఇంకొకటి. మొదటిదాన్ని మెచ్చుకుని, రెండోదాన్ని వెక్కిరించి, ‘మొదటి సినిమా ముందు ఇది దిగదుడుపే’ అని తేల్చేయడం రివాజు. ఆ తీర్పులో నిజం లేకపోలేదు. అయితే ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనపడే ఆలోచన ఆ రెండు చోట్లా లేదు. ఒక పాత పెరడులాంటి చోట బెంచీ మీద కూర్చుని, ఎదురుగా వాలిన పక్షుల్ని చూపిస్తూ ఓ పెద్దావిడ చెప్పే నాలుగు మాటల్లో ఉంది. తీసినవాళ్ళు దాన్ని అక్కడ పెట్టినట్టే పెట్టి, ఆ వెంటనే వందమందితో కొట్లాట మొదలుపెట్టారు. నా ఫిర్యాదంతా దాని గురించే.

చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. యంత్రాలు మనుషుల్ని తొట్టెల్లో పడుకోబెట్టి, వాళ్ళ ఒంట్లోని శక్తిని వాడుకుంటుంటాయి. ఆ మనుషులకి మాత్రం తాము 1999 నాటి మామూలు నగరంలో ఉద్యోగాలు చేసుకుంటున్నట్టే ఉంటుంది. ఆ భ్రమ పేరే మేట్రిక్స్. పగలు ప్రోగ్రామరూ, రాత్రి హ్యాకరూ అయిన నియో ఆ భ్రమలోంచి బయటపడి, అందరినీ విడిపించే ‘ఆ ఒక్కడూ’ తానేనని తెలుసుకోవడంతో 1999 మార్చిలో వచ్చిన మొదటి సినిమా ముగుస్తుంది. 2003 మే నెలలో రీలోడెడ్, అదే ఏడాది నవంబరులో రెవల్యూషన్స్ వచ్చాయి. రెండూ కలిపి తీశారు. బయటపడ్డ మనుషులు దాక్కున్న జయాన్ అనే ఊరి మీదకి రెండున్నర లక్షల యంత్రాలు భూమిని తవ్వుకుంటూ దిగుతుంటాయి. ఆలోగా నియో, తాళాలు చేసే కీమేకర్ని విడిపించి, యంత్రాల మూలస్థానానికి చేరాలి. రీలోడెడ్ కథ ఇంతే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ ఫ్రీవే వేటని ఇవాళ చూసినా గుండె దడదడలాడుతుంది. దానికోసం కాలిఫోర్నియాలో, అలమీడా అనే ఊళ్ళో మూసేసిన నౌకాదళ విమానస్థావరంలో, మైలున్నర దాకా పొడవున్న రోడ్డు ప్రత్యేకంగా కట్టారు. అయితే డబ్బు పోసినందువల్ల ఆ సన్నివేశం పండలేదు. మొదటి సినిమాలో ఒక నియమం ఉంది: మేట్రిక్స్‌లో ఉన్న ఏ మామూలు మనిషి ఒంట్లోకైనా ఏజెంటు క్షణంలో దూరగలడు. ఆ నియమాన్ని తీసుకొచ్చి ఫ్రీవే మీద పెట్టి చూడండి. ముందు కారూ, వెనక కారూ, పక్కన పోతున్న లారీ, అన్నీ అనుమానించాల్సినవే. పైగా నియో అక్కడ లేడు. వాహనాలకి ఎదురు దిశలో మోటారుసైకిలు నడుపుతున్న ట్రినిటీ, ఆమె వెనక కూర్చున్న ముసలి కీమేకరు, లారీ పైకప్పు మీద నిలబడ్డ మార్ఫియస్, ముగ్గురూ చావగలిగినవాళ్ళే. అందుకే ఊపిరి బిగబట్టి చూస్తాం.

మా వృత్తివాళ్ళు మురిసిపోయిన చోటు ఇంకొకటుంది. హాలీవుడ్ సినిమాల్లో హ్యాకింగ్ అంటే అంతకు ముందు త్రీడీ బొమ్మలు గిర్రున తిరగడం, తెరమీద ఎర్రక్షరాలు మిణుకుమిణుకుమనడం. ఇందులో ట్రినిటీ పవర్ స్టేషన్ కంప్యూటరు ముందు కూర్చుని, నిజంగా ఉన్న ఎన్‌మ్యాప్ అనే పరికరంతో ఏ పోర్టు తెరిచి ఉందో చూస్తుంది. 22వ పోర్టు తెరిచి ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ పాత వర్షనులో 2001లో బయటపడ్డ సీఆర్‌సీ-32 లోపాన్ని వాడి లోపలికి దూరి పాస్‌వర్డు మార్చేస్తుంది. ఆ దూరడానికి వాడిన ప్రోగ్రాము పేరు సినిమావాళ్ళ కల్పన, లోపం మాత్రం నిజమైనదే. తెరమీద అయిదారు సెకన్లు కూడా ఉండని దానికోసం అంత శ్రద్ధ పెట్టినవాళ్ళ మీద గౌరవం కలగక మానదు.

ఇక కొట్లాట సంగతి. ఏజెంటు స్మిత్ వందమందిగా మారి నియో మీద పడతాడు. చూస్తుంటే మనకి రక్తబీజుడు గుర్తుకు రాక తప్పదు. ఒక్కో నెత్తుటి చుక్క నేలరాలిన చోట ఒక్కో రాక్షసుడు పుడుతుంటే, ఇంకా గట్టిగా కొట్టి లాభం లేదని దేవీమాహాత్మ్యం చెప్పినవాడికి తెలుసు. అందుకే అక్కడ కాళి వచ్చి నెత్తురు నేల తాకకుండా తాగేస్తుంది. యుద్ధం చేసే పద్ధతే మారుతుంది, కథ ఒక అడుగు ముందుకు పడుతుంది. ఇక్కడ నియో కొడతాడు, ఇంకా కొడతాడు, స్తంభం పీకి మరీ కొడతాడు. చివరికి విసుగెత్తి ఆకాశంలోకి ఎగిరిపోతాడు. ఎగరడం మొదటినుంచీ వచ్చు కదా, ఆ పని అయిదు నిమిషాల ముందే చేసి ఉండవచ్చు కదా అని చూసేవాడికి తోస్తే, ఆ సన్నివేశం పోయినట్టే. యువెన్ వూ-పింగ్ కూర్చిన పోరాటాలు మొదటి సినిమాలో ప్రాణాల మీదకి వచ్చిన ఘడియలు. ఇందులో కసరత్తు ప్రదర్శనలు. మధ్యలో మనుషుల బదులు కంప్యూటరు బొమ్మలు వచ్చిన చోట ముఖాలు మైనంతో పోత పోసినట్టున్నాయి. ఒక్కణ్ణి చూసినా పరుగెత్తమని మొదటి సినిమాలో చెప్పారు. ఇక్కడ వందమందిని చూసినా కాళ్ళు కదపబుద్ధి కాదు.

జయాన్‌లో రాజకీయాలు, సభలు, అర్ధరాత్రి సామూహిక నృత్యం గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది.

తెల్లగడ్డం ఆర్కిటెక్టు ఉపన్యాసానికి వద్దాం. ఆ భాష బరువుగా ఉందన్నది నిజమే. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ళు కూడా హాల్లో మొహమొహాలు చూసుకున్నారు. అందులోని సరుకు మాత్రం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. నియో ఆరోవాడు. ఇంతకు ముందు అయిదుసార్లు జయాన్ ధ్వంసమైంది. ప్రతిసారీ ‘ఆ ఒక్కడు’ 23 మందిని, 16 మంది ఆడవాళ్ళూ ఏడుగురు మగవాళ్ళూ, ఎంచుకుని ఊరు మళ్ళీ నిలబెట్టాలి. సర్వర్లు నడిపినవాళ్ళకి ఇది బాగా ఎరుకైన వ్యవహారం. మెమరీ లీకయ్యే ప్రోగ్రాముని బాగుచేసే బడ్జెట్టు లేనప్పుడు, ఆదివారం తెల్లవారుజామున దాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టే స్క్రిప్టు ఒకటి రాసి పడేస్తాం. ఈ సినిమాలో విప్లవమంటే ఆ ఆదివారం స్క్రిప్టే! తిరుగుబాటు కూడా వ్యవస్థ తన ఆరోగ్యం కోసం రాసుకున్నదేనని, కోట్ల డాలర్లు పోసిన వేసవి సినిమా తన నాయకుడి ముఖం మీదే చెప్పడానికి ధైర్యం కావాలి. ఆ గది గోడల నిండా ఉన్న టీవీల్లో పదుల సంఖ్యలో నియోలు ఒక్కో రకంగా స్పందించడం మాటల్లేకుండానే ఆ సంగతి చెప్పేస్తుంది. ఆ ముసలాయన్ని సగం మాట్లాడించి, మిగతా సగం టీవీలకి వదిలేసి ఉంటే ఈ వెక్కిరింతలు వచ్చేవి కావు.

ఇప్పుడు ఆ బెంచీ దగ్గరికి. ఒరకిల్ అనే ఆ పెద్దావిడ తాను కూడా ప్రోగ్రామేనని అక్కడ తేలిపోతుంది. (ఆ పాత్ర వేసిన గ్లోరియా ఫాస్టర్ సినిమా విడుదల కాకముందే, 2001 సెప్టెంబరులో చనిపోయింది. మూడో సినిమాలో ఆ పాత్ర మేరీ ఆలిస్ వేసింది.) ఆవిడ చెప్పేదాని సారాంశం ఇది. పక్షులకొక ప్రోగ్రాము ఉంది, చెట్లకొకటి, గాలికొకటి. తమ పని తాము చేసుకుపోతున్నంతకాలం అవి ఉన్నాయనే మనకి తెలియదు. ఏదైనా చెడిపోతేనో, అంతకన్నా మెరుగైన ప్రోగ్రాము ఎవరో రాస్తేనో పాతది చెరిపివేతకి సిద్ధం కావాలి. అప్పుడు దానికి రెండే దారులు: తిరిగి మూలానికి పోయి చెరిగిపోవడం, లేదా మేట్రిక్స్‌లోనే ఎక్కడో తలదాచుకోవడం. అలా తలదాచుకున్నవాళ్ళని సినిమాలో ‘ఎక్సైల్’ అంటారు. తెలుగులో దానికి ప్రవాసి అనే మాట వాడవచ్చుగాని, నన్నడిగితే అజ్ఞాతవాసి అన్నదే సరైన మాట.

2003 మేలో ఈ మాటలు అమెరికాలో ఎలాంటి చెవుల్లో పడ్డాయో చెప్పాలి. డాట్‌కామ్ బుడగ పేలి మూడేళ్ళు. ప్రాజెక్టుల్లేక బెంచి మీద కూర్చున్నవాళ్ళు, జీతం రాకపోయినా వస్తున్నట్టు ఇంటికి ఫోన్లు చేసేవాళ్ళు తెలుగువాళ్ళలో ఎంతోమంది. హెచ్-1బి వాడికి ఉద్యోగం పోతే ఆ రోజుతోనే స్టేటస్ పోయినట్టు. ఇప్పుడున్న 60 రోజుల గడువు 2017లో వచ్చింది. ఏడాదికి 1,95,000 ఉన్న ఆ వీసాల పరిమితి 2003 అక్టోబరునుంచి తిరిగి 65,000కి పడిపోయింది. నా మాస్టర్స్ ఆ మే నెలలోనే పూర్తయింది. చేతిలో ఉన్నది ఏడాది ఓపీటీ. ఒకే అపార్టుమెంటులో ఉంటున్న ఏడుగురం కలిసి వెళ్ళి చూశాం. మెరుగైన ప్రోగ్రాము వస్తే పాతదాన్ని చెరిపేస్తారని ఒరకిల్ అన్నప్పుడు, మెయిన్‌ఫ్రేము ప్రాజెక్టు పోగొట్టుకుని మా దగ్గర సర్దుకుంటున్న ఓ అన్నయ్య చీకట్లోంచి, “ఆవిడ మా మేనేజరు చెల్లెల్రా” అన్నాడు. మా వరస వరసంతా నవ్వింది. మిగతా హాలుకి ఎందుకో తెలియలేదు.

ఆ కళ్ళతో చూస్తే మెరోవింజియన్ అనే ఫ్రెంచివాడు కూడా వేరేగా కనిపిస్తాడు. విమర్శకులు వాణ్ణి కబుర్ల పోగు అన్నారు, ఆ చాక్లెట్ కేకు ముచ్చట నాక్కూడా ఎబ్బెట్టుగానే ఉంది. కాని వాడు చేసే వ్యాపారం చూడండి. చెరిపివేతనుంచి పారిపోయి వచ్చినవాళ్ళకి నీడ ఇస్తాడు, బదులుగా వాళ్ళని తన గుప్పిట్లో పెట్టుకుంటాడు. క్లయింటుకీ పనివాడికీ నడుమ నాలుగు లేయర్లుగా కూర్చుని, కాగితాలు తన దగ్గర పెట్టుకుని గంటకింతని కోసుకునే మధ్యవర్తుల్ని ఎరిగినవాళ్ళకి వాడి సూటూ బూటూ చూస్తేనే సంగతి బోధపడుతుంది. స్మిత్‌దీ అదే కథ. నియో చేతిలో ఓడినవాడు నియమం ప్రకారం వెళ్ళి చెరిగిపోవాలి. వెళ్ళలేదు. తనకి అప్పగించిన పని పోయింది, పని లేనిదే తానెందుకున్నట్టో తెలియదు. అక్కసంతా నియో మీద పెట్టుకున్నాడు. ఎంత మంచి ప్రతినాయకుడు! హ్యూగో వీవింగ్ గొంతులో ఆ దిక్కులేనితనం ఒక్క నిమిషం వినిపిస్తుంది. ఆ నిమిషం అవగానే రెండో స్మిత్ వస్తాడు, మూడోవాడు వస్తాడు, పిడిగుద్దులు మొదలు.

రీలోడెడ్‌లో నాకు క్షమించరానిదిగా తోచేది ఇదే. ఉపన్యాసాలెక్కువయ్యాయని అందరూ అన్నారు. నా బాధ వేరు. చెప్పిన మంచి మాటని సన్నివేశంగా మలచలేదు. పని పోయిన ప్రోగ్రాముల లోకం ఒకటి ఉందని చెప్పి, ఆ లోకంలో ఒక్కరి ఇంట్లోకైనా మనల్ని తీసుకెళ్ళలేదు. రెండు గంటల పైచిలుకు సినిమాలో అందుకు చోటు లేదంటే నమ్మను. స్మిత్‌ల కొట్లాట సగానికి కోస్తే బోలెడు చోటు.

అసలు విచిత్రమేమిటంటే ఆ ఇల్లు మూడో సినిమాలో కనిపిస్తుంది, అదీ ఒక భారతీయ కుటుంబానిది. రైలు స్టేషన్లో నియోకి రామచంద్ర, కమల, వాళ్ళ చిన్నపిల్ల సతి తారసపడతారు. తల్లీ తండ్రీ ఇద్దరూ పనున్న ప్రోగ్రాములు. ఆయన పవర్ ప్లాంటులో రీసైక్లింగు విభాగం చూస్తాడు, ఆవిడ ప్రోగ్రాములు రాస్తుంది. పిల్ల మాత్రం ఏ పనికోసమూ పుట్టలేదు, ముచ్చటపడి కన్న పిల్ల. కాబట్టి యంత్రాల లోకంలో ఆమెకి చోటు లేదు. మెరోవింజియన్‌తో బేరం కుదుర్చుకుని, పిల్లని అవతలి లోకంలో ఒరకిల్ దగ్గర వదిలేసి, తాము మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోవాలి. కర్మ అంటే తాను చేయడానికి వచ్చిన పని అనీ, దానిమీద తనకేమీ కోపం లేదనీ తండ్రి నెమ్మదిగా చెబుతాడు. పిల్లల్ని ఊళ్ళో అమ్మమ్మ దగ్గర దింపి తిరుగు విమానం ఎక్కినవాళ్ళు మనలో తక్కువేం లేరు. అలాంటివాళ్ళతో కలిసి ఈ సీను చూడడం కొంచెం కష్టం. మూడు సినిమాల్లోనూ నన్ను నిజంగా కదిలించిన అయిదు నిమిషాలు అవే, అందులో ఒక్క దెబ్బ కూడా పడదు. చివరి యుద్ధం అయ్యాక పాత్రల పేర్లు పడుతున్నప్పుడు వినిపించే ఉపనిషత్తు శ్లోకాలకన్నా, ఆ తండ్రి మాటలోనే నాకు ఎక్కువ భారతీయత కనిపించింది.

ఆ రామచంద్ర రీలోడెడ్‌లోనూ ఉన్నాడు. మెరోవింజియన్ రెస్టారెంటు సీనులో ఓ లిప్తపాటు కనిపిస్తాడు. మాట ఉండదు. వచ్చిన పనేమిటో మూడో సినిమా చూశాక గాని తెలియదు. ఈమధ్య మళ్ళీ చూస్తున్నప్పుడు అక్కడ ఆపి, వెనక్కి తిప్పి రెండుసార్లు చూశాను. 2021లో లానా వచావ్‌స్కీ ఒక్కరే తీసిన నాలుగో సినిమాలో సతి పెద్దదై, ప్రియాంకా చోప్రా రూపంలో వస్తుంది. తండ్రిని తొలగించారన్న సంగతి మాటల మధ్యలో తేలిపోతుంది. ఆ తరువాత ట్రినిటీని ఎలా విడిపించాలో పథకం చెప్పుకుంటారు.