పూత లేని రోజులు

నోరు పూసినవాడికి సెలవు దొరకదు. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యేసి చూస్తారు, కాలు బెణికితే కుర్చీ జరుపుతారు. పెదవి లోపల పెసరగింజంత తెల్లటి పుండు ఎవరికి కనిపిస్తుంది? "వేడి చేసుంటుంది, మజ్జిగ తాగు" అంటారు ఇంట్లోవాళ్లు. మందుల షాపులో బి కాంప్లెక్స్ మాత్రలు చేతిలో పెడతారు. అక్కడితో సరి.

ఏళ్ల తరబడి వచ్చిపోతుంటే దానితో బతకడమూ ఒక విద్యగా అబ్బుతుంది. కింది పెదవి లోపల పూస్తే ప, బ, మ పలకడం కష్టం. నాలుక కొసన పూస్తే త, ద, ల. ఏ మాట ఎక్కడ తగులుతుందో ముందే చూసుకుని మాట్లాడతాను. చివరికి తలూపడమే సుఖమనిపిస్తుంది. అవతలివాళ్లు అలిగాడనో, పొగరనో అనుకుంటారు. పెళ్లి పంక్తిలో ఆవకాయ వద్దన్నవాడి సంగతి చెప్పక్కర్లేదు. దద్దోజనంలో మిరపకాయ ముక్కలు ఏరుతుంటే పక్కాయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఈ ఆఫ్తస్ పుండ్లు చాలావరకు సెంటీమీటరు లోపే ఉంటాయి, 7 నుంచి 14 రోజుల్లో మచ్చ లేకుండా మానతాయి. అంటుకోవు. కారణం ఇదీ అని వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు. ఐరన్, బి12, ఫోలేట్ తగ్గడం, బ్రష్ గీసుకోవడం, వంశం, ఒత్తిడి, అన్నిటి మీదా అనుమానమే. టూత్‌పేస్టులో నురగ తెప్పించే సోడియం లారిల్ సల్ఫేట్ మానేస్తే కొందరికి తగ్గుతుంది. మూడు వారాలు దాటినా మానని పుండు సంగతి వేరు. గుట్కా, చుట్ట అలవాటున్నవాళ్లు, ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవాళ్లు దాన్ని డాక్టరుకు చూపించకుండా ఊరుకోకూడదు.

పుండు ఉన్నన్నాళ్లూ ఎలాగో ఓర్చుకుంటాను. లేని రోజుల్లోనే మనసు కుదురుండదు. పొద్దున్నే కళ్లు తెరవకముందే నాలుక బుగ్గలన్నీ తడుముతుంది. కాస్త గరుకు తగిలిందా, వారమంతా లెక్కకొస్తుంది: ఎల్లుండి సభలో మాట్లాడాలి, ఆదివారం చుట్టాలొస్తున్నారు, గోంగూర పచ్చడి రోట్లో పడింది. ఆ దిగులుకు నిద్ర పట్టదు. నిద్ర చాలకపోతే పూత ఎక్కువవుతుందని నా అనుభవం.

ఏం తిన్నానో, ఎంత పడుకున్నానో రాసిపెట్టమన్నారు డాక్టరు. నిద్ర తక్కువైన వారాల పక్కనే పూత కనిపించింది. చూపిస్తే రక్తపరీక్ష రాశారు, బి12, ఐరన్ రెండూ చూడమని. నిద్రకు మాత్రం ఏమీ రాయలేదు.