మంత్రులు లేని ఆట

పై వాటా పిల్లాడు ఆదివారం చెస్ టోర్నమెంటు నుంచి వస్తూ మెట్ల మీదే చెప్పాడు, "డ్రా తాతగారూ!" అని. మొహం చూస్తే కప్పు కొట్టుకొచ్చినవాడిలా ఉంది. నాకు ఒళ్లు మండింది. డ్రాలంటే నాకెంత గిట్టదో ఈ శీర్షిక చదివేవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు.

మా తాతయ్య అరుగు మీద ఆ మాటే లేదు. ఎవరైనా మంత్రికి మంత్రిని మార్చుకుంటే ఆయన అలిగి లేచిపోయేవాడు. "మంత్రులు పోయాక ఇంకేం ఆటరా, పుల్లలు పేర్చుకోవడమేగా!"

స్కోర్‌షీటు అడిగి తీసుకున్నాను. వాడివి నల్లపావులు. మూడో ఎత్తుకి రెండో గుర్రం దూకింది. ఎనిమిదో ఎత్తుకల్లా మంత్రులిద్దరూ బోర్డు దిగిపోయారు. బెర్లిన్ డిఫెన్స్! తాతయ్యైతే కాగితం చింపేసేవాడు.

2000లో లండన్‌లో కాస్పరోవ్‌కి తగిలిన గోడ ఇదే. పదిహేనేళ్లుగా ప్రపంచ చాంపియన్. ఎదురుగా 25 ఏళ్ల క్రామ్నిక్. పైపైన చూస్తే ఇందులో నల్లవాడి కొంప మునిగినట్టే ఉంటుంది. తెల్లమంత్రిని రాజే స్వయంగా కొట్టాలి, దాంతో క్యాజిలింగ్ పోతుంది. బంట్లు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుంటాయి. కానీ రాజు మీదికి దండెత్తడానికి అవతల మంత్రి ఏడీ? నాలుగుసార్లు అదే ఓపెనింగ్, నాలుగూ డ్రాలే. రెండు ఆటలు వెనకబడి, తెల్లపావులు చేతిలో ఉండి, పదమూడో ఆటలో కాస్పరోవ్ 14 ఎత్తులకే డ్రాకి ఒప్పుకున్నాడు. పదిహేను ఆటల్లో ఒక్కటీ గెలవలేదు. 8.5-6.5తో కిరీటం పోయింది. అప్పట్లో నేను క్రామ్నిక్‌ని తిట్టుకున్నాను. తిట్టాల్సింది కాస్పరోవ్‌నేమో.

పిల్లాడి షీటు చివరిదాకా చదివాను. 61 ఎత్తులు. నలభై దాటాక అక్షరాలు వంకర్లు పోయాయి. 58 దగ్గర పెన్ను కాగితంలోకి దిగబడింది. "అక్కడ ఓడిపోయాననుకున్నా," అన్నాడు. వాడి రాజు ఒక్కో గడీ నడుచుకుంటూ వెళ్లి బంట్లకు అడ్డం నిలబడ్డాడు. ఇందులో పుల్లలు పేర్చిందెక్కడ?

బోర్డు తెమ్మన్నాను. తెల్లపావులు నేనే తీసుకున్నాను. ఎనిమిదో ఎత్తుకి మంత్రులు పోయారు. తాతయ్యలా లేచిపోదామనిపించినా కూర్చున్నాను. ఇరవై దాటేసరికి నా బంటు ఒకటి దిక్కులేకుండా మిగిలింది. 

"డ్రా చేద్దామా నాన్నా?"

వాడు తలెత్తలేదు. "ఆడండి తాతగారూ."