తోడేలు చెప్పిన కథ

బొమ్మల సినిమా అనగానే పిల్లల్ని పక్కన కూచోబెట్టుకునే అలవాటు మనది. చిలీ కళాకారులు క్రిస్టోబల్ లియోన్, హోవాకిన్ కోసిన్యా 2018లో తీసిన 'లా కాసా లోబో'కి ఆ పని చెయ్యకండి. తోడేలిల్లు అని అర్థం. కాగితం గుజ్జు, టేపు, గోడమీది రంగు, వీటిని కొంచెం కొంచెం కదుపుతూ ఒక్కో ఫ్రేమూ తీసి కట్టిన గంటంబావు సినిమా. గోడమీది మొహం పొడుచుకొచ్చి మనిషవుతుంది, చూస్తుండగానే కారిపోయి మరకవుతుంది. ఏ రూపమూ నిలవదు.

దీని వెనక చరిత్ర ఉంది. 1961లో పాల్ షేఫర్ అనే జర్మన్ మతబోధకుడు చిలీలో కొలోనియా డిగ్నిడాడ్ పెట్టాడు. పేరుకి గౌరవ కాలనీ. లోపల పిల్లలమీద అత్యాచారాలు. 1973 సైనిక కుట్ర తర్వాత అదే పినోచెట్ రహస్య పోలీసుల చిత్రహింసల కొట్టు. ఆ కాలనీ తనమీది నింద కడుక్కోటానికి తీసుకున్న ప్రచార చిత్రంలా దర్శకులు దీన్ని నడిపారు. అంటే కథ చెప్పే గొంతు తోడేలుది.

పందుల్ని వదిలేసినందుకు శిక్షపడిన మరియా పారిపోయి అడవిలో ఓ ఇంట్లో దాక్కుంటుంది. అక్కడ రెండు పందులు. (ఈ మాటకే పేజీ తిప్పేవాళ్లు మనలో ఉన్నారు, కాస్త ఆగండి.) వాటికి చేతులూ కాళ్లూ ఇచ్చి, అన, పెడ్రో అని పేర్లు పెట్టి పిల్లల్ని చేస్తుంది. నల్లజుట్టు పిల్లలు. ఒళ్లు కాలితే తేనె పట్టి బతికిస్తుంది. తేనె దిగుతుంటే వాళ్ల చర్మం తెల్లబడుతుంది, జుట్టు బంగారు రంగుకి తిరుగుతుంది. మరియా మురిసిపోతుంది. నాకు ఒళ్లు జలదరించింది ఇక్కడే. కాలనీనుంచి పారిపోయిన పిల్ల కాలనీని ఒంట్లో మోసుకొచ్చింది.

ప్రధాన స్రవంతిలో కలవండని పొద్దస్తమానం చెప్పించుకునే మనకు అన, పెడ్రోల సంగతి చప్పున తెలుస్తుంది. కానీ ఉర్దూ మాట్లాడే మనం మరియాలోనూ ఉన్నాం. దూదేకుల వాళ్లకి తెలుగే తల్లిభాష. పూరా ముసల్మాన్ కాదన్నట్టు వాళ్లని చూసి, పేరు మార్చు, జుబాన్ మార్చు, అప్పుడు సంబంధం మాట్లాడదాం అని తేనె గిన్నె పట్టుకు నుంచున్నదెవరు? "మా ముస్లిం స్నేహితుడు అచ్చం మనలాగే ఉంటాడండీ" అనే లౌకిక మిత్రుల మెచ్చుకోలూ ఆ గిన్నెలోదే.

ఒక్కచోట నాకు పేచీ ఉంది. తిండి అయిపోయాక ఆ పిల్లలు మరియానే తినబోతారు, మంచానికి కట్టేస్తారు. ఆమె సాయానికి పిలిచేది తోడేలునే. పిల్లలు రాక్షసులుగా మిగిలిపోతారు. తోడేలు చెప్పే కథ అలాగే ఉంటుంది మరి, ఒప్పుకుంటాను. అయినా మరియా రాకముందు ఆ ఇంట్లో వాళ్లు ఏం తిని బతికారో, ఒకర్నొకరు ఏమని పిలుచుకున్నారో సినిమా ఎక్కడా అడగదు.