యోబు కురుపులు – మాసీగారి వ్యాఖ్యానము

1722వ సంవత్సరము జూలై 8వ తేదీన లండను నగరమున, హోబర్నులోని సెయింట్ ఆండ్రూసు దేవాలయమున, ఎడ్మండ్ మాసీ యను క్రైస్తవ మతాచార్యుడు మశూచికపు టీకాలను ఖండించుచు నొక ప్రసంగము చేసెను. ఆవులకు వచ్చు మశూచికము నాధారముగా గొన్న జెన్నరు టీకా 1796 వఱకు పుట్టలేదు. రోగి పొక్కునుండి తీసిన రసమును ఆరోగ్యవంతుని చర్మమున గాటుపెట్టి యెక్కించుటయే నాటి పద్ధతి. మేరీ మాంటేగు దొరసాని 1721లో తన కుమార్తెకు లండనులోనే యట్లు చేయించెను.

ఆచార్యుని వాదమిది: రోగములు మన విశ్వాసమును పరీక్షించుటకో పాపమును దండించుటకో దేవుడు పంపునవి, రోగము నిచ్చు నధికారము ఆయనదే, రోగభయము పోయినచో జనులకు పాపభయమును పోవును. యోబు మేనెల్ల కురుపులు పుట్టించిన సైతాను సయితము ఇట్టి టీకాయే వేసియుండవచ్చునట! మశూచికమును అమ్మవారని పిలిచి, టీకాలవానిని చూచి తలుపులు మూసికొనినవారి మనుమలమగు మనకు నవ్వుటకు నోరాడదు.

ఈ ప్రసంగమున త్రోసివేయరాని మాట యొకటి కలదు. ఆరోగ్యవంతునకు తెలిసి తెలిసి రోగము నిచ్చుట తగునా? ఆ పద్ధతివలన కొందఱు చనిపోయిరి. టీకా పొందినవారినుండి ఇతరులకు రోగమంటుటయు కలదు. ఆచార్యుడు ఇంతటితో నిలిచియుండిన మేము తలయూపియుందుము.

కాని యాయన ప్రమాణముగా గైకొన్నది యోబు గ్రంథము. వ్యాధి పాపఫలమని అందు వాదించువారు యోబు మిత్రులు. కడపట దేవుడు కోపించినది వారిమీదనే. మఱియు ఆచార్యుడెత్తుకొన్న వాక్యమునకు తరువాతి వాక్యముననే యోబు చిల్లపెంకు తీసికొని యొడలు గోకుకొనును. ఆ యుపశమనము పాపమని దేవుడనలేదు. సగము శ్లోకము చదివి ధర్మము తీర్చువారిని మేమును చూచియే యున్నాము.

దోషము మతముదే యనుటకును వీలులేదు. 1721లో అమెరికాలోని బోస్టను పట్టణమున మశూచికము వ్యాపించినపుడు టీకాలకై పోరాడినవాడు కాటన్ మాథరను మతాచార్యుడు. ఎదిరించినవారిలో ముఖ్యుడు డగ్లసను వైద్యుడు. మాథరున కీ పద్ధతిని తెలిపినవాడు ఆయన యింట బానిసగానుండిన ఒనీసిమసను ఆఫ్రికా దేశీయుడు. ఒక రాత్రి మాథరు ఇంటిలోనికి బాంబు విసరిరి, అది ప్రేలలేదు. ఆ పట్టణమున ఐదువేలకు పైగా జనులకు రోగము సోకగా 844 మంది మరణించిరి. బాయిల్‌స్టను వైద్యుడు టీకా వేసిన సుమారు 240 మందిలో చనిపోయినవారు ఆరుగురు. ఆయన తన లెక్కలను 1726లో అచ్చొత్తించెను, అదియు లండనులోనే.